జింకకు ఏ తూటా?

కడప జిల్లా కొండాపురం చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ, పత్తి పెట్టిన రైతుకు రాత్రి కాపలా కొత్త కాదు. చేతిలో టార్చిలైటు, వాయించడానికి ఒక డబ్బా, తోడుగా ఒక కుక్క. తుపాకి లైసెన్సు ఉన్న రైతు అరుదు. రివాల్వర్ ఉన్నవాడు దాన్ని పెళ్లిళ్లకు తీసుకుపోతాడేమో గానీ చేని గట్టుకు తేడు. అలాంటి సీమలో ‘జింక వేటకు చేతి తుపాకిలో ఏ తూటా మంచిది?’ అన్న ప్రశ్న వినపడడం విడ్డూరమే. అయినా వినపడుతోంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికా చేరిన పిల్లల్లో కొందరు నవంబరు వచ్చిందంటే అక్కడి స్నేహితులతో జింకల వేటకు పోతున్నారు. ఇంటికి ఫొటోలు వస్తాయి. తమ్ముళ్లు తుపాకి పేరు అడుగుతారు. పెద్దలు మాత్రం ‘అబ్బీ, దాని ప్రాణం ఎంటనే పోతాదా?’ అని అడుగుతారు.

నా ఉద్దేశంలో ఈ విషయమంతటికీ అసలైన ప్రశ్న పెద్దలు అడిగినదే. తూటాల పెట్టెల మీద అచ్చేసే అంకెలన్నీ దానికి జవాబు చెప్పే ప్రయత్నాలు. కొన్ని సరిగ్గా చెప్తాయి, కొన్ని అమ్మకానికి చెప్తాయి.

ముందు మన నేల సంగతి. ఇక్కడ జవాబు ఒక్క మాటలో అయిపోతుంది: ఏ తూటా కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో లైసెన్సు మీద కొన్ని జంతువుల వేటకు వీలుండేది. 1991 సవరణ ఆ వీలును పూర్తిగా తీసేసింది. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు, పైగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. చట్టంలోని 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కానీ మొదటి షెడ్యూలు జంతువు విషయంలో అది మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారి ఉండాలి, లేదా కోలుకోలేనంతగా గాయపడో జబ్బుపడో ఉండాలి. పంట తినిందన్న కారణం చెల్లదు. కింది షెడ్యూలు జంతువులకైతే పంట నష్టం కూడా ఒక కారణంగా చట్టం ఒప్పుకుంటుంది. అడవిపందుల విషయంలో కేరళ 2022లో పంచాయతీ అధ్యక్షులకే ఆ అధికారం అప్పగించింది.

ఆయుధాల చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 1959 నాటి ఆ చట్టంలో 13వ సెక్షన్ పంట కాపలా కోసం పేరు పెట్టి చెప్పిన ఆయుధం ఒక్కటే, మూతిలో నుంచి మందు దట్టించే తుపాకి. ఆత్మరక్షణకో క్రీడకో అయితే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న, లోపల మరలు లేని నున్నటి గొట్టం తుపాకి. వీటికి లైసెన్సు ఇవ్వాలన్నది ఆ సెక్షన్‌లోని మాట. రివాల్వర్ కావాలంటే మాత్రం తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించుకోవాలి. ఆ కారణాల్లో జింక ఎక్కడా రాదు.

ఒకవేళ చట్టం సంగతి కాసేపు మరిచినా లెక్క కుదరదు. మన దేశంలో పౌరుడికి మామూలుగా దొరికే రివాల్వర్ .32 బోరు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారవుతుంది. .38, .455 రివాల్వర్లు, 9 ఎం.ఎం. పిస్తోలు నిషిద్ధ బోర్లు. .32 రివాల్వర్ తూటా గొట్టం దాటేటప్పుడు మోసుకుపోయే శక్తి 150 నుంచి 180 జౌళ్లు. జర్మనీ వేట చట్టం జింకల్లాంటి పెద్ద జంతువుల విషయంలో చేతి తుపాకిని ఒక్క పనికే అనుమతిస్తుంది. అప్పటికే గాయపడి పడి ఉన్న జంతువుకు దగ్గరి నుంచి ఆఖరి దెబ్బ వేయడానికి. దానికి కూడా 200 జౌళ్లు ఉండాలంటుంది. మన .32 ఆ మెట్టు కూడా ఎక్కదు.

పాతకాలపు షికారు కథల్లోనూ చేతి తుపాకి పాత్ర ఇంతే. తెల్లదొరలు ఏనుగు అంబారీ మీద పులివేటకు పోయేటప్పుడు ‘హౌదా పిస్తోలు’ అనే పొట్టి, లావు గొట్టాల పిస్తోలు పెట్టుకునేవాళ్లు. గాయపడిన పులి ఏనుగు మీదికి ఎగబాకితే ఆఖరి నిమిషంలో కాల్చడానికి. జింకను కొట్టడానికి ఎవరూ దాన్ని తీయలేదు. శేషాచలం అడవుల్లోని చామల లోయ, మామండూరుల కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది .405 విన్‌చెస్టర్ రైఫిల్.

మరి ఇక్కడ జంతువులు చావడం లేదా అంటే, చస్తున్నాయి. ఉచ్చులో పడి, చేనికి చుట్టిన కరెంటు తీగ తగిలి, తిండిముద్దలో పెట్టిన నాటుబాంబు కొరికి. ఏ జంతువు పడుతుందో తీగకు తెలియదు. పందికి పెట్టిన తీగ మీద మనుషులు కూడా పోయారు. మనకు ఉత్తరాన, ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో 614 హెక్టార్ల అభయారణ్యం ఏర్పడింది. రక్షణ దొరికేసరికి అక్కడ కృష్ణజింకలు పెరిగి చుట్టూ చేల మీద పడ్డాయి. రైతులకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. చివరికి జింకలు మిగిలాయి, ఎవరి కోసం ఆ నేలను కాపాడారో ఆ పక్షి కనపడకుండా పోయింది. రైతు నష్టం నిజం. దానికి పరిహారం, కంచె, మందలను పట్టి వేరేచోటికి తరలించడం వంటి దారులున్నాయి, అన్నీ నత్తనడక నడిచేవే. 2016లో బీహారు ప్రభుత్వం మొకామా ప్రాంతంలో నీల్‌గాయిలను కాల్పించినప్పుడు హైదరాబాదు నుంచి షూటర్లు వెళ్లారు. దాని మీద ఢిల్లీలో కేంద్ర మంత్రులే ఒకరి మీద ఒకరు విమర్శలు చేసుకున్నారు. ఆ పనికి కూడా వాళ్లు పట్టుకుపోయింది రైఫిళ్లే.

ఇక ప్రశ్న నిజంగా బతికి ఉన్న చోటికి, అమెరికాకు పోదాం.

అక్కడ చేతి తుపాకి వేటకు ఊపు తెచ్చింది 1935లో వచ్చిన .357 మాగ్నమ్. స్మిత్ అండ్ వెస్సన్, విన్‌చెస్టర్ కంపెనీలు కలిసి తెచ్చిన ఈ తూటాతో వెస్సన్ కుటుంబానికే చెందిన డగ్లస్ వెస్సన్ పెద్ద జంతువులను వేటాడి చూపించాడు. కొంతవరకు అది ప్రచారం కోసమే. మరోవైపు ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి, రచయిత ఏళ్ల తరబడి పాత .44 తూటాల్లో మందు పెంచి, బరువైన సీసం గుండ్లు పోతపోసి పరీక్షలు చేస్తూ వచ్చాడు. ఆయన పోరు పడలేక కంపెనీలు 1955 చివర్లో .44 మాగ్నమ్ తయారుచేశాయి. 1971లో ‘డర్టీ హ్యారీ’ సినిమాతో దాని పేరు లోకమంతా మోగింది. వేటగాళ్లకు మాత్రం అప్పటికే అది కొలబద్ద. 1964లో .41 మాగ్నమ్, 1983లో 10 ఎం.ఎం. ఆటో, 2003లో .500, 2005లో .460 వచ్చాయి. .454 కసుల్ పునాది 1950లలోనే పడింది. థాంప్సన్ సెంటర్ కంపెనీ 1967లో ఒక్క తూటా పట్టే ‘కంటెండర్’ పిస్తోలు తెచ్చి, రైఫిల్ తూటాలను కూడా చేతి తుపాకిలోకి ఎక్కించింది.

శక్తి లెక్కలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. అమెరికాలో ఎక్కువ ఇళ్లలో కనిపించే 9 ఎం.ఎం. పిస్తోలు తూటాకు 500 జౌళ్లకు అటూ ఇటూ. .357కు 158 గ్రెయిన్ల, అంటే సుమారు పది గ్రాముల గుండుతో 700 పైచిలుకు. 10 ఎం.ఎం.కు గట్టి లోడయితే 900 దాకా. .44 మాగ్నమ్‌కు 240 గ్రెయిన్ల గుండుతో వెయ్యి నుంచి 1,300. .454 కసుల్‌కు 2,500. .500కు మూడు వేలు దాటుతుంది. పోలికకు, మామూలు .308 రైఫిల్ తూటా శక్తి 3,500 జౌళ్లు. ఇవన్నీ గొట్టం మూతి దగ్గరి లెక్కలు. వంద గజాలు పోయేసరికి .44 కూడా 700 ప్రాంతానికి దిగుతుంది. పైగా కంపెనీ అంకెలు చాలాసార్లు పొడుగు గొట్టంలో కొలిచినవి. మన నాలుగంగుళాల రివాల్వర్‌లో ఆ వేగం రాదు.

ఇక్కడే వేటగాళ్లు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఒక పక్షం శక్తినే నమ్ముతుంది. జింకకు వెయ్యి ఫుట్‌పౌండ్లు, అంటే 1,350 జౌళ్లు కావాలన్నది వాళ్ల పాత సూత్రం. ఆ లెక్కన .44 మాగ్నమ్ కూడా తప్పినట్టే. కానీ డెబ్బై ఏళ్లుగా ఆ తూటాకు జింకలు పడుతూనే ఉన్నాయి. రెండో పక్షం బరువును, వెడల్పును నమ్ముతుంది. వాళ్లు ఆఫ్రికా వేటగాడు జాన్ టేలర్ సూత్రం తెస్తారు. గుండు బరువును వేగంతో, వ్యాసంతో హెచ్చవేయడం. ఆ లెక్కలో .44 మాగ్నమ్‌కు దాదాపు 20 వస్తుంది, దానికి మూడు రెట్ల శక్తి ఉన్న .30-06 రైఫిల్‌కు 21. వినడానికి బాగుంటుంది. అయితే టేలర్ ఆ సూత్రం కట్టింది ఏనుగు తలకు తగిలిన గుండు మెదడును తప్పినా దాన్ని ఎంతసేపు స్పృహ లేకుండా పడగొడుతుందో చెప్పడానికి. దాన్ని తెచ్చి జింకకు అంటగట్టడం అన్యాయం.

రెండు పక్షాలూ దాటేసే విషయం ఒకటుంది. రైఫిల్ గుండు వేగానికి చుట్టూ ఉన్న కండ, ఊపిరితిత్తులు ఒక్కసారి ఉబ్బి చిరుగుతాయి. చేతి తుపాకి గుండుకు ఆ వేగం లేదు. అది తను దారి చేసుకుని పోయిన మేరకే చంపుతుంది. కాబట్టి ఆ గుండు జింక రెండు ఊపిరితిత్తులను, కుదిరితే గుండె పైభాగాన్ని తెగవేసుకుంటూ అవతలి పక్కకు బయటపడాలి. అప్పుడు రక్తపోటు పడిపోయి క్షణాల్లో స్పృహ పోతుంది. పైగా రెండో పక్క రంధ్రం ఉంటే నెత్తురు నేల మీద పడుతుంది, పరుగెత్తిన జంతువు జాడ దొరుకుతుంది. లోపలే ఆగిన గుండు జంతువును చంపినా, అది పొదలో పడి ఎవరికీ దొరక్కుండా కుళ్లిపోవచ్చు.

అందుకే బోరు ఎంతన్నదాని కంటే గుండు ఎలా చేశారన్నది ముఖ్యం. నిండా రాగి తొడుగు వేసిన సైనిక తరహా గుండు ఆకారం మారకుండా సన్న రంధ్రం చేసి పోతుంది. జింక దూరంగా పరుగెత్తి బాధపడి చస్తుంది. అందుకే చాలా రాష్ట్రాలు వేటలో దాన్ని ఒప్పుకోవు. దీనికి పూర్తిగా ఎదురు ముక్కు బోలుగా ఉన్న ఆత్మరక్షణ గుండ్లు. 1986లో మయామీలో ఎఫ్.బి.ఐ. కాల్పుల తర్వాత వీటికి 12 నుంచి 18 అంగుళాల లోతు అనే ప్రమాణం పెట్టారు, మనిషి ఒంటిని దృష్టిలో ఉంచుకుని. తేలికైన ఇలాంటి గుండు జింక భుజం ఎముకకు తగిలితే పువ్వులా విచ్చుకుని అక్కడే ఆగిపోగలదు. అంగడిలో ఖరీదైన పెట్టెల్లో అదీ ఒకటి కావడంతో కొత్తవాళ్లు మోసపోయేది కూడా అక్కడే.

మధ్యలో మిగిలేవి వేటకు పనికొచ్చేవి. ముక్కు దగ్గర మాత్రం మెత్తటి సీసం బయటికి కనపడే బరువైన గుండు. వేట కోసమే గట్టిగా కట్టిన బోలుముక్కు గుండు. చదును ముక్కుతో పోతపోసిన గట్టి సీసం గుండు, ఇది విచ్చుకోదు గానీ వెడల్పుగా, సూటిగా అవతలికి పోతుంది. పూర్తిగా రాగితో చేసినవి. .357 వాడేవాడు 158 గ్రెయిన్లకు తగ్గకుండా, దగ్గరగా కొట్టాలి. .44, .45 బోర్లలో 240 నుంచి 300 గ్రెయిన్లు చాలు. అంతకు పైన .460, .500 తూటాలు ఎలుగుబంట్ల కోసం, పెద్ద కణుజు లాంటి ఎల్క్ కోసం. జింకకు అవి అనవసరం, మణికట్టుకు శిక్ష. నన్నడిగితే, ఒకే ఒక్క తూటా చెప్పమంటే, ఆరంగుళాలకు తగ్గని గొట్టంలో మధ్యస్థంగా దట్టించిన 240 గ్రెయిన్ల .44. దీనికి వ్యతిరేకంగా .357 వాళ్లు చెప్పేది ఒకటుంది, అందులో బలం లేకపోలేదు: తన్ను తక్కువ కాబట్టి గురి బాగుంటుంది.

గురి అంటే చివరికి చేయి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు, ఒక చిన్న కాగితపు పళ్లెం అంత. అక్కడి పాత వేటగాళ్లు చెప్పే పరీక్ష ఇదే: పళ్లెం కట్టి, వేటలో నిలబడేలాగే నిలబడో ఆనుకునో కాల్చు. ఎంత దూరంలో ఒక్క గుండూ పళ్లెం దాటకుండా పడుతుందో అదే నీ హద్దు. చాలామందికి అది యాభై గజాల లోపే. తూటా వంద గజాలు చంపగలదన్న మాట వాళ్లకు ఏ ఉపయోగమూ లేదు. మాగ్నమ్ శబ్దం చెవులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ఆ శబ్దానికి భయపడి మీట నొక్కే ముందే చేయి అదురుతుంది. ఆ అదురు పేగుల్లోకి పంపిన గుండు ఏ బోరుదైనా ఒక్కటే.

పక్కకు తిరిగి నిలబడ్డ జింక, లేదా కొంచెం అవతలికి తిరిగినది మాత్రమే చేతి తుపాకికి తగినది. ఎదురుగా నిలబడి చూస్తున్నది, పరుగెత్తుతున్నది కాదు. కాల్చాక వెంటనే వెంటపడకూడదు. నేల మీద నురగ కలిసిన గులాబీ నెత్తురు కనపడితే ఊపిరితిత్తులు తెగాయి, దగ్గరలోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపయితే కాలేయం, చాలాసేపు ఆగాలి. ఆకుపచ్చ పసరు, కంపు ఉంటే పేగులు. గంటల తరబడి ఆగి, అవసరమైతే జాడ పట్టే కుక్కను తెచ్చుకోవాలి. ఇవన్నీ మన బోయ, చెంచు పెద్దలకు విల్లు నాటి నుంచి తెలిసిన సంగతులే. కడప జిల్లాలో అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ దొరికిందీ ఒక స్థానిక వేటగాడి టార్చిలైటు వెలుగులోనే.

చట్టాల్లో కూడా ఈ వాదాలన్నీ కనపడతాయి. ఒహాయో .357కు తగ్గని బోరు, అయిదంగుళాల గొట్టం అడుగుతుంది. ఇండియానా గుండు వ్యాసంతో పాటు తూటా పొడవును కూడా కొలుస్తుంది. వర్జీనియా 350 ఫుట్‌పౌండ్లు చాలంటే, కొలరాడో యాభై గజాల దగ్గర 550 ఉండాలంటుంది. నా దృష్టిలో కొలరాడో పద్ధతే తెలివైనది, ఎందుకంటే జింక గొట్టం మూతి దగ్గర నిలబడదు. టెక్సాస్ అంచున కొట్టుకునే .22 రకం రిమ్‌ఫైర్ తూటాలను జింకకు వద్దంటుంది, మిగిలినదంతా వేటగాడి వివేకానికి వదిలేస్తుంది. ఇంగ్లండులో జింకకు రైఫిల్ తప్పనిసరి, చాలా జాతులకు .240 బోరు, 1,700 ఫుట్‌పౌండ్లకు తగ్గకుండా. చేతి తుపాకులను 1997లోనే దాదాపుగా నిషేధించారు. జర్మనీలో చిన్న రో జింకకే వంద మీటర్ల దగ్గర వెయ్యి జౌళ్లు, పెద్దవాటికి రెండు వేలు. యూరపు మనసులో చేతి తుపాకి వేట ఆయుధమే కాదు. ఈ నియమాలు అప్పుడప్పుడు మారతాయి కాబట్టి ఆ ఏటి వేట పుస్తకం చూడకుండా పోకూడదు.

సీసం మీద మరో మాట. గుండు నుంచి రాలిన సీసపు పొడి వేటగాళ్లు వదిలేసిన పేగుల కుప్పలో మిగిలి, దాన్ని తిన్న రాబందులు, గద్దలు విషమెక్కి చస్తున్నాయని తేలాక కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా ఆపేసింది. రాగి గుండ్లు ధర ఎక్కువే అయినా జింక మీద బాగా పనిచేస్తాయి. ఇంట్లో పిల్లలకు ఆ మాంసం పెట్టేవాళ్లకు రెండో కారణం అక్కర్లేదు.

మన పిల్లలు ఎక్కువగా తెలుసుకోకుండా ఉండిపోయేది వీసా సంగతి. హెచ్1బి, ఎఫ్1 వంటి వలసేతర వీసా మీద ఉన్నవాడు అమెరికాలో తుపాకిని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం. లైసెన్సు గడువు దాటిన మర్నాటి నుంచి బీరువాలోని తూటాల పెట్టె కూడా నేరమే. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డు లేదు. లైసెన్సు డీలరు దగ్గర చేతి తుపాకి కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ కూడా పూర్తి చేయాలి. స్నేహితుడి రివాల్వర్ ఒక్కసారి పట్టుకుని ఫొటో దిగాలనుకునేవాడు కూడా ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఆఖరిది సెలవులకు ఇంటికి వచ్చేటప్పటి సంగతి. వేటకో షూటింగ్ రేంజికో పట్టుకుపోయిన సంచినే విమానానికి సర్దుకుంటారు. అడుగున ఒక తూటా ఉండిపోతుంది. విమానాశ్రయంలో స్కానరు పట్టుకుంటుంది, ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కేసు. తెలిసి ఉంచుకున్నదయితేనే నేరమని 1972లో గుణవంతలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం మీద హైకోర్టులు ఇలాంటి కేసులు కొట్టేస్తుంటాయి. కానీ అంతవరకు పాస్‌పోర్టు, లాయరు, వాయిదాలు. వేటకు ఒక సంచి, ప్రయాణానికి వేరే సంచి పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.